సిస్టర్‌కి పాస్‌పోర్టు ఉందా?

శ్రోతలకు నమస్కారం.

మా గుంటూరు వైపు డాక్టరు విదేశం వెళ్తున్నాడంటే ఏ దేశమని ఎవరూ అడగరు. అమెరికానే అనుకుంటారు. వాళ్లననీ లాభం లేదు. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. అక్కడ చదివి అమెరికాలో స్థిరపడినవాళ్లు ఎంతమందంటే, వాళ్లకి జింకానా అని ఒక సంఘమే ఉంది. అందుకే నేను ఆరు వారాలు మలావీ వెళ్తున్నానని చెబితే మా అత్తయ్య, "మలేషియానా అమ్మా?" అని అడిగింది. కాదత్తయ్యా, మలావీ, ఆఫ్రికాలో అన్నాను. "అక్కడ జీతం ఎక్కువిస్తారా?" అంది. అసలు జీతమే లేదన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆవకాయ సీసాని మాత్రం మూడు కవర్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టింది.

ఇవాళ ఆ రకం ప్రయాణం గురించి మాట్లాడదామని వచ్చాను. డాక్టర్లు, నర్సులు కొన్ని వారాలో నెలలో వేరే దేశంలోని ఆసుపత్రికి, అదీ మనలాగే మందులూ మంచాలూ చాలని ఆసుపత్రికి వెళ్లి పనిచేసి తిరిగి రావడం. అక్కడివాళ్లు ఇక్కడికి రావడం. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. ఇలాంటివి నడిపే సంస్థలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. బ్రిటన్‌లో థెట్ అనే సంస్థ 1988 నుంచి ఉంది. నార్వే ప్రభుత్వానికైతే ఇలా మనుషుల్ని ఇచ్చిపుచ్చుకునే పనుల కోసమే నోరెక్ అని ఒక విభాగం ఉంది, వైద్యం ఒక్కటే కాదు. ఎక్కడిదాకానో ఎందుకు, మన తాడిగడపలో ఆసుపత్రి ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ లైబీరియా దేశంలో కంటి వైద్యానికి చేయూతనిస్తోంది. ఇవన్నీ చెప్పాలంటే ఈ పూట చాలదు. నాకిచ్చింది కొద్ది నిమిషాలే. అందుకని నాకు బాగా ఇష్టమైన కథ ఒక్కటే చెబుతాను.

కొలంబియా దేశం, బొగోటా నగరం, 1978. అక్కడొక ప్రసూతి ఆసుపత్రి. వచ్చేవాళ్లంతా పేదవాళ్లు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఎక్కువ, పెట్టెలు తక్కువ. పెట్టె అంటే ఇంక్యుబేటరు. మన దగ్గర కూడా "బిడ్డని పెట్టెలో పెట్టారు" అంటాం కదా, ఆ పెట్టె. ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టేవారు. ఒకరికి ఇన్‌ఫెక్షన్ వస్తే పక్కవాడికీ అంటుకునేది. తల్లినేమో లోపలికి రానిచ్చేవారు కాదు. ఆమె వారాల తరబడి బిడ్డని గాజులోంచి చూసి చూసి, ఇక ఈ బిడ్డ నాకు దక్కదులే అని వదిలేసి వెళ్లిపోయేది. అలా వదిలేసిన పిల్లలు చాలామంది ఉండేవారు.

ఆ ఆసుపత్రిలో ఎడ్గర్ రే సనాబ్రియా అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. కంగారూ పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉంటుంది. దానికి పెట్టె ఎవరిస్తారు? తల్లి సంచిలోకి పాక్కుంటూ వెళ్లి, ఆ వేడిలోనే, ఆ పాలతోనే నెలల తరబడి పెరుగుతుంది. ఆయన అదే చేయించాడు. బరువు తక్కువ బిడ్డని బట్టలు లేకుండా, డైపరూ టోపీ మాత్రం ఉంచి, తల్లి గుండెల మీద నిలువుగా ఆనించి, పైన గుడ్డతో కట్టించాడు. వేడి తల్లిదే, పాలు తల్లివే. దీన్నే కంగారూ పద్ధతి అంటారు. మరుసటి ఏడాది హెక్టర్ మార్టినెజ్ అనే ఇంకో డాక్టరు ఆయనతో కలిశాడు. పెట్టెలు లేవు కాబట్టి మొదలుపెట్టిన పని అది. లేమిలోంచి పుట్టిన పని. గొప్ప దేశాల వాళ్లు మొదట్లో నమ్మలేదు. పేదవాళ్ల వైద్యంలే అన్నారు.

ఇక నాకు బాగా నచ్చిన ముక్క. బొగోటావాళ్లు దీన్ని పుస్తకంలో రాసి ఊరుకోలేదు. 1990ల నుంచి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల ఆసుపత్రుల వాళ్లని పిలిచి తమ వార్డులోనే నేర్పారు. ఎవర్ని పిలిచారో వినండి. ఒక డాక్టరు, ఒక నర్సు. ఇద్దరినీ కలిపి. ఒక డాక్టరు, ఒక నర్సు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

అలా చేతులు మారి ఆ పని మలావీ చేరింది. అక్కడ జోంబా అనే ఊరి ఆసుపత్రిలో 1999లో కంగారూ వార్డు మొదలైంది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, నైజీరియా, టాంజానియా, మలావీ, మన దేశం, ఈ ఐదు చోట్లా పెద్ద పరిశోధన చేయించింది. పుట్టిన వెంటనే, బిడ్డ ఇంకా పూర్తిగా నిలకడగా లేకపోయినా, తల్లి గుండెల మీద పెడితే ఎలా ఉంటుంది అని. కిలో నుంచి ఒక కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలు, మొత్తం మూడు వేల మందికి పైనే. 2021లో ఫలితాలు వచ్చాయి. నెలలోపు మరణాలు పాతిక శాతం తగ్గాయి. ఎంత తేడా కనిపించిందంటే, పరిశోధనని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. పోల్చి చూడటానికి పెట్టుకున్న ఇంకో గుంపు బిడ్డలకి ఇది ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదని.

సరే, నా సంగతి. మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. ఉత్త చేతులతో వెళ్లడం ఏం బాగుంటుందని, దాతల్ని అడిగి ఒక ఆక్సిజన్ కాన్సెంట్రేటరు, అంటే గాల్లోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, కూడా పట్టుకెళ్లాను. దించగానే తెలిసింది, మన ప్లగ్గుకి గుండ్రటి పిన్నులు, వాళ్ల గోడకి పలకల పిన్నుల సాకెట్టు. ఎడాప్టరు వెతికి పెట్టాం. కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. నేనున్న ఆరు వారాల్లో అది పనిచేసింది ఎన్ని గంటలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్టోరు గదిలోకి తీసుకెళ్తే అక్కడ నాకంటే ముందొచ్చిన పుణ్యాత్ముల మిషన్లు వరసగా ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. పేద దేశాల ఆసుపత్రుల్లో పరికరాలు దాదాపు నలభై శాతం పనిచేయడం లేదని 2011లో ఒక సమీక్ష తేల్చింది. అందులో నా వంతు కూడా ఒకటి కలిపి వచ్చాను.

అక్కడ వార్డు నడిపేది క్లినికల్ ఆఫీసరు. ఎంబీబీఎస్ కాదు, వేరే చదువు. కానీ మలావీలో జిల్లా ఆసుపత్రుల్లో అత్యవసర సిజేరియన్లు ఎక్కువగా చేసేది వాళ్లే. ఆయన నన్ను ఒకటే అడిగాడు. "డాక్టర్, మిషన్ తెచ్చే ముందు మాకేం కావాలో ఒక్క ఉత్తరం రాసి ఉండాల్సింది కదా?" కోపంగా కాదు, నవ్వుతూనే. నాకు మాత్రం ఆ రాత్రి మొక్కజొన్న ముద్ద గొంతు దిగలేదు. దాన్ని సీమా అంటారు. మన సంకటిలాగే ఉంటుంది. ఆవకాయతో బ్రహ్మాండం, ఆ ఒక్క రాత్రి తప్ప.

తిరిగొచ్చాక మా ఆసుపత్రిలో నలభై స్లయిడ్లతో ప్రెజెంటేషన్ ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. టీ, బిస్కెట్లు. వార్డులో కంగారూ పద్ధతికి ఒక చార్టు రాయించి గోడకి అంటించాను. మూడు నెలల తర్వాత చూస్తే చార్టు ఉంది, పద్ధతి లేదు.

రెండోసారి మా సిస్టర్‌ని తీసుకెళ్లాను. తెనాలి దగ్గర పల్లెటూరామె. పన్నెండేళ్లుగా బరువు తక్కువ పిల్లల వార్డులోనే డ్యూటీ. అదే ఆసుపత్రి, అదే వార్డు. నేను మొదటిసారి ఆరు వారాలూ చూసి కూడా చూడనివి ఆమె మూడు రోజుల్లో చూసేసింది. నేను కేస్ షీట్లు చూశాను. ఆమె ముడి చూసింది.

అక్కడ ఆడవాళ్లు చిటెంజె అనే రంగురంగుల గుడ్డని నడుముకి చుట్టుకుంటారు. దాంతోనే పిల్లల్ని వీపుకి కట్టుకుంటారు. వార్డులో అదే గుడ్డతో బిడ్డని ముందుకి కట్టుకుంటున్నారు. ముడి ఎక్కడ పడాలి, గుడ్డ పై అంచు బిడ్డ చెవి కిందికి ఎలా రావాలి, తల ఒక పక్కకి తిప్పి మెడ మడత పడకుండా ఎలా చూడాలి, ఇవన్నీ సిస్టర్ తన ఒంటి మీదే కట్టించుకుని నేర్చుకుంది. ఇంకొకటి పట్టుకుంది. కొత్తగా వచ్చిన తల్లికి నేర్పేది నర్సు కాదు, పక్క మంచం తల్లి! వారం ముందు వచ్చిన బాలింత, నిన్న వచ్చిన బాలింతకి నేర్పుతోంది. రాత్రి డ్యూటీలో నలభై మందికి ఒక్క నర్సు ఉన్నప్పుడు వార్డు ఎలా నడుస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. సిస్టర్‌కి చిచేవా భాష రాదు, వాళ్లకి తెలుగు రాదు. జికోమో, అంటే థాంక్స్, ఆ ఒక్క మాటతో నెట్టుకొచ్చింది.

ఇక్కడికొచ్చాక చిటెంజె ఎక్కడిది? సిస్టర్ ఆలోచించలేదు కూడా. "పాత నూలు చీర తెచ్చుకోండమ్మా, మెత్తగా ఉతికింది" అంది. చీరని నిలువుగా చింపి కట్టడం మొదలుపెట్టింది. నా స్లయిడ్లలో ఈ సంగతి లేదు.

మొదటి రోజు ఒక అమ్మమ్మ గొడవ పెట్టుకుంది. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చారు. కూతురికి ఏడో నెలలో పురుడు, బిడ్డ కిలో నాలుగు వందలు. సిస్టర్ వెళ్లి, "అమ్మా, పాపకి కంగారూ కేర్ మొదలుపెడదాం" అంది. అమ్మమ్మ లేచి నిలబడింది. "కంగారెందుకు? ఏమైంది మా పాపకి? ఇందాకటిదాకా బాగానే ఉందన్నారుగా!" ఆవిడ కంగారు చూసి కూతురికి కంగారు, కూతుర్ని చూసి బయట ఉన్న అల్లుడికి కంగారు. కంగారూ అంటే జంతువు అని చెప్పేసరికి ఇంకా కోపం వచ్చింది. "మా పిల్లకి జంతువు వైద్యమా?" ఇంకా అసలు అడ్డం తర్వాత వచ్చింది. పచ్చి బాలింత ఒంటి మీద గుడ్డ తీస్తే గాలి సోకదా అని.

నేనైతే ఉష్ణోగ్రత గురించి లెక్చరు ఇచ్చేదాన్ని. సిస్టర్ ఆ పని చేయలేదు. "గాలి సోకకుండానే కదా అమ్మా ఈ చీర చుట్టేది. నువ్వే పట్టుకో ఆ కొస" అని చీర చెంగు అమ్మమ్మ చేతికిచ్చింది. ముడి అమ్మమ్మే వేసింది. నాలుగో రోజుకి కూతురు స్నానానికి వెళ్తే పాపని ఆవిడే తన గుండెల మీద కట్టుకు కూర్చుంది. అవును, అమ్మమ్మ కట్టుకోవచ్చు, నాన్న కట్టుకోవచ్చు. రోజుకి ఎనిమిది గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా, ఎంతసేపు వీలైతే అంతసేపు. మా వార్డులో ఇప్పుడు కంగారూ అనం. "ఎద మీద కట్టడం" అంటాం. పేరు పెట్టింది కూడా ఆ అమ్మమ్మే.

చెప్పొచ్చేదేమిటంటే, ఇద్దరు వెళ్లాలి. ఇలాంటి అవకాశం వచ్చినప్పుడు డాక్టరు ఒక్కరే వెళ్లకూడదు. తీసుకెళ్లేవాళ్లు ఒక్క టికెట్టే ఇస్తామంటే రెండో టికెట్టు కోసం దెబ్బలాడండి. అక్కణ్నుంచి ఎవరైనా మన దగ్గరికి వస్తామంటే, మీ నర్సుని కూడా పంపండి అని ముందే రాయండి. రెండు వారాల చూపులకైతే అసలు వెళ్లకండి. అక్కడి నర్సులు తమ పని మానుకుని మనల్ని తిప్పి చూపించాల్సి వస్తుంది, పాపం. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉంటారు.

ఇంకా పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఆఫ్రికా ప్రయాణమైతే దారిలో విమానం ఏ దేశంలో ఆగుతుందో చూసుకుని, ఎల్లో ఫీవర్ టీకా అవసరమా అని ముందే కనుక్కోండి. వేయించుకోవాలంటే కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచుకోండి.

పాస్‌పోర్టు అంటే గుర్తొచ్చింది. నాకు సెలవు వారంలో మంజూరైంది. సిస్టర్‌కి నాలుగు నెలలు పట్టింది. ఆమె బదులు వార్డులో ఎవరుంటారన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. చివరికి తోటి సిస్టర్లే నైట్ డ్యూటీలు పంచుకున్నారు. సెలవు వచ్చింది కదా అనుకుంటే పాస్‌పోర్టు లేదు. దరఖాస్తు పెడితే టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. అది సరిచేయించడానికి ఇంకో రెండు నెలలు. మీ ఆసుపత్రికి అవకాశం రేపు రావచ్చు, వచ్చే ఏడాది రావచ్చు. ఆ ఇంటిపేరు సంగతి మాత్రం ఈ వారమే చూసుకోమని మీ సిస్టర్‌కి చెప్పండి.

నమస్కారం.