గుండెపోటు తర్వాత ఉబ్బే గోడ

అందరికీ నమస్కారం. గుండెపోటు అనగానే మనం నొప్పి వచ్చిన ఆ రోజు గురించే మాట్లాడుకుంటాం. నేను ఆ తర్వాతి వారాల గురించి చెబుతాను.

గుండె ముందు గోడకూ కొసకూ రక్తం అందించే ధమని పూర్తిగా మూసుకుపోతే, అక్కడి కండరం కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. దాని చోట పలచని మచ్చ మిగులుతుంది. గుండె ముడుచుకున్నప్పుడల్లా మిగతా గోడ లోపలికి వస్తుంటే ఆ మచ్చ మాత్రం బయటికి పొంగుతుంది, పాత సైకిల్ ట్యూబ్ అరిగిన చోట బుడగ తేలినట్టు. ఇదే అన్యూరిజం.

ఇది చెప్పగానే ఇంట్లోవాళ్లు, "డాక్టర్ గారూ, పగిలిపోతుందా?" అని అడుగుతారు. మచ్చ గట్టిపడ్డాక అది పగలడం చాలా అరుదు. అసలు ముప్పు వేరే ఉంది. ఆ సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అందులో ఒక ముక్క మెదడుకు చేరితే పక్షవాతమే. మచ్చ అంచుల దగ్గర పుట్టే కరెంటు గందరగోళంతో గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు. ఆయాసం, కాళ్ల వాపు సరేసరి.

పగిలే రకం మరొకటి ఉంది, సూడో అన్యూరిజం. అందులో గోడ నిజంగానే చిరిగి ఉంటుంది, రక్తాన్ని ఆపుతున్నది గుండె చుట్టూ ఉన్న పొర మాత్రమే. దానికి సాధారణంగా వెంటనే ఆపరేషన్ చేయాలి.

మామూలు ఉబ్బును 1958లోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో గుండె సర్జన్ డెంటన్ కూలీ, ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ సాయంతో కోసి తీశారు. అయితే గుండె బలహీనపడినవారి మీద చేసిన స్టిచ్ పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. బైపాస్‌తో పాటు జఠరికను, అంటే గుండె కింది గదిని, ఆపరేషన్‌తో చిన్నది చేసినా మరణాలు గానీ, మళ్లీ ఆసుపత్రిలో చేరడం గానీ తగ్గలేదు. అందుకే ఇప్పుడు మందులకు లొంగని ఆయాసం, లయ సమస్య ఉన్నవారికే ఆ ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం.

ధమనిని త్వరగా తెరుస్తున్నాం కాబట్టి ఈ ఉబ్బు మునుపటికన్నా తగ్గింది. గ్యాస్ నొప్పేమోనని సోడా తాగి, తెల్లారాక చూద్దామని పడుకున్నవాళ్లలో ఇంకా చూస్తూనే ఉన్నాం. నాకు నిజంగా బాధ కలిగేది అక్కడే. ఛాతీ పట్టేసినట్టుంటే, చెమటలు పడుతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

స్టెంట్ వేశారు, నొప్పి పోయింది కదా అని ఎకో, అంటే గుండె స్కాన్, మానేయకండి. డిశ్చార్జి కాగితంలో మళ్లీ ఎప్పుడు ఎకో తీయించుకోవాలో రాసి లేకపోతే అడిగి రాయించుకోండి. గడ్డ ఉందని రక్తం పలచన చేసే మందు ఇస్తే సొంతంగా ఆపకండి. గడ్డ కరిగిందో లేదో స్కాన్‌లో చూశాకే మేం ఆపుతాం.