సీసాలో పడ్డ నీటి చుక్క

(నలుగుపిండి, స్క్రబ్ తయారుచేసి అమ్మాలనుకునే పొదుపు సంఘాల మహిళలను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారం. ముందు లైసెన్సు గురించి, తరవాత తయారీ గురించి మాట్లాడమన్నారు. ఈ బల్ల మీది రెండు సీసాల సంగతి తేల్చాకే లైసెన్సుకు వస్తాను.

రెండింట్లోనూ ఉన్నది ఒకటే పంచదార స్క్రబ్, అంటే ఒంటికి రుద్ది కడిగేసుకునేది. ఒకదాన్ని పొడి చెంచాతో తీశారు, రెండోదాన్ని స్నానాలగదిలో తడిచేత్తో తీశారు. రెండోదాని అడుగు చూడండి, పంచదార కరిగి నీళ్ళపాకంలా దిగింది. మూత లోపల ఆ నల్లచుక్కలు బూజు. ఆవకాయలో ఉప్పు ఎలా కాపాడుతుందో, ఇక్కడ పంచదార అలాగే కాపాడుతుంది, చిక్కగా ఉన్నంతవరకే. నీళ్ళు కలిసి పలచబడితే అదే పంచదార బూజుకు మేత.

"మా దాంట్లో నీళ్ళే పోయం, ప్రిజర్వేటివ్ (బూజు పట్టకుండా వేసేది) ఎందుకు?" అంటారు. మీరు పోయరమ్మా, కొన్నామె తడిచేత్తో పోస్తుంది! "విటమిన్-ఇ వేశాం" అంటారు. విటమిన్-ఇ వేస్తే నూనె త్వరగా కంపు కొట్టదు, అంతే. బూజును ఆపదు. మళ్ళీ చెబుతున్నాను, ఆపదు. రాసుకోండి.

కిలో స్క్రబ్‌కు లెక్క ఇది: సన్న పంచదార 600 గ్రాములు, నువ్వులనూనె 230, కొబ్బరినూనె 100, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనెను నీళ్ళతో కలిసేలా చేసే మైనం) 50, ప్రిజర్వేటివ్‌గా ఫినాక్సీఇథనాల్-కాప్రిలిల్ గ్లైకాల్ మిశ్రమం 10, విటమిన్-ఇ 5, సువాసన 5. అన్నీ తూకం వేయాలి, చెంచాల లెక్క పనికిరాదు. నూనెలు, వ్యాక్స్ కలిపి 70 డిగ్రీల దాకా వేడిచేసి కరిగించండి. కలుపుతూ 40 డిగ్రీలకు చల్లార్చి ప్రిజర్వేటివ్, విటమిన్-ఇ, సువాసన వేయండి. అది వెన్నలా చిక్కబడ్డాకే పంచదార. వేడిమీద వేస్తే పంచదారంతా అడుగున గడ్డకడుతుంది, పైన నూనె తేలుతుంది. పెరుగు, కలబంద గుజ్జు, పచ్చి నిమ్మతొక్క ఇంట్లో అప్పటికప్పుడు కలిపి రాసుకోండి. అమ్మే సీసాలో మాత్రం వద్దు.

నలుగుపిండికీ నీళ్ళే శత్రువు. పెసలు, శనగపప్పు, వట్టివేళ్ళు, గులాబీ రేకులు చేత్తో విరిస్తే ఫట్‌మని విరిగేంత ఎండాలి. మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. అలాగే కవర్లో కడితే లోపల ఆవిరి నీరై ఉండలు కడుతుంది, పురుగూ పడుతుంది. వెడల్పు పళ్ళాల్లో పూర్తిగా చల్లార్చండి. కారం పట్టే మరలో మాత్రం పట్టించకండి తల్లీ, పసిపిల్లల ఒంటికి రాసే పిండి ఇది! పసుపు పొడి కొనకండి, కొమ్ములు కొని పట్టించండి. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపేవాళ్ళున్నారు, అందులో సీసం ఉంటుంది. బావంచాలు కూడా వేయకండి. వాటిలోని సొరాలిన్‌ను బొల్లి వైద్యంలో వాడతారు. అది ఒంటిమీద ఉండగా ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు కమిలి, నల్లమచ్చలు పడతాయి. మన పాత నలుగు జాబితాల్లో ఉంది కదా అంటారు. ఉంది. అయినా తీసేయండి.

ఇక లైసెన్సు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ మనకు వర్తిస్తాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు), జీఎస్టీ నంబరు ఉంటే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. మన రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫారం సీఓఎస్-5లో దరఖాస్తు చేస్తే, తనిఖీ చేసి సీఓఎస్-8 ఫారంలో లైసెన్సు ఇస్తారు. లైసెన్సు లేకుండా తయారుచేసి అమ్మితే చట్టప్రకారం చర్య తీసుకుంటారు.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే: మీ వంటగదికి లైసెన్సు రాదు. తయారీ చోటు నివాసంగా ఉండకూడదు, ఇంట్లోకి దారీ ఉండకూడదు. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన మనిషి గానీ, ఫార్మసీ డిప్లొమా ఉన్నవారు గానీ పూర్తికాలం పనిలో ఉండాలి. మీ ఊళ్ళో ఇంటర్ బైపీసీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు లేరా? నాలుగైదు సంఘాలు కలిసి ఒక షెడ్డు తీసుకోండి. అదీ కుదరకపోతే లైసెన్సున్న ఫ్యాక్టరీలో మీ సరుకు తయారుచేయించుకునే లోన్ లైసెన్సుకు సీఓఎస్-6లో దరఖాస్తు పెట్టండి.

లేబుల్ మీద పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, నికర బరువు, వాడాల్సిన గడువు, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. కలిపినవన్నీ రాయాలి, ఒక శాతం మించినవి ఎక్కువ బరువున్నది ముందుగా. "తామర తగ్గుతుంది", "మొటిమలు మాయం" అని రాశారంటే అది మందు కిందికి పోతుంది, ఈ లైసెన్సు చెల్లదు. "కెమికల్స్ లేవు" అని కూడా రాయకండమ్మా. ఆ మాట నిలబెట్టుకోవడానికే ప్రిజర్వేటివ్ మానేస్తున్నారు, సీసా ఇలా తయారవుతోంది.

ఆ రెండో సీసా ఇప్పుడు వరుసలోకి పంపిస్తున్నాను. మూత తీయకండి, గాజులోంచే అడుగు చూసి పక్కనున్న అక్కకివ్వండి.