జముకు అదిరింది, గొంతే మునిగింది: మన విజయనగరం బ్యాండ్ కొత్త ఆల్బమ్ రివ్యూ

నమస్కారమండీ. బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు, పాటల లిస్టు, ఎవరు ఏం వాయించారు, ఇవన్నీ వాళ్ళ పేజీలో ఉన్నాయి. స్క్రీన్ మీద కూడా వేస్తున్నాను. అవి నేను మళ్ళీ చదవను. కానీ ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఈ వీడియోకి వాళ్ళు నాకు డబ్బులివ్వలేదు. పాటలున్న పెన్‌డ్రైవ్, పాటలు అచ్చేసిన కాగితం, ఒక టీషర్టు పంపించారు. టీషర్టు మీడియం సైజు. నా వీడియోలు ఎప్పుడైనా చూశారో లేదో మరి. మధ్యలో ఇయర్‌ఫోన్ల ప్రకటన ఒకటి వస్తుంది, దానికి మాత్రం డబ్బులు తీసుకున్నాను.

మొదటి పాట గిటార్లు, హోరు. బాగానే ఉంది, దాటేద్దాం. నేను మాట్లాడాల్సింది రెండో పాట గురించి.

మొదలైన నిమిషం దాకా అదీ మామూలు రాక్ పాటే. అక్కడ డ్రమ్స్, బేస్ గిటార్ రెండూ టక్కున ఆగిపోతాయి. కరెంటు పోయిందేమో అనుకునేలోపు "డుంయ్... డుంయ్..." అని వస్తుంది చూడండీ! జముకు! శాంపిల్ కాదు, కీబోర్డులో నొక్కింది కాదు, అసలు జముకు. తీగ మీద గోరు తగిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది.

మన వైపు వాళ్ళకి జముకు అంటే చెప్పక్కర్లేదు. గోదావరి అవతల నుంచి చూస్తున్నవాళ్ళ కోసం చెప్తాను. గుల్లగా ఉండే చిన్న డబ్బా, ఒక పక్క తోలు మూసి ఉంటుంది, రెండో పక్క ఖాళీ. తోలు నడిమధ్య నుంచి తీగ బయటికి వస్తుంది. డబ్బాని చంకలో ఇరికించుకుని, తీగ కొసని ఒక చేత్తో పట్టి లాగుతూ రెండో చేత్తో మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. తెలంగాణలో జమిడిక అంటారే, అది దీనికి చుట్టమే. గిటార్‌కి ఉన్నట్టు మెట్లుండవు. స్వరం ఎక్కడా నిలబడదు, జారుతూనే ఉంటుంది.

ఇప్పుడు చిక్కేంటంటే, జముకు మోగేదీ కింది స్థాయిలోనే, బేస్ గిటార్ మోగేదీ కింది స్థాయిలోనే. రెండూ కలిపి వాయిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. చాలామంది ఏం చేస్తారు? జానపద వాయిద్యాన్ని పది సెకన్లు వినిపించి, "మేం మట్టిని మర్చిపోలేదు" అని పోస్టర్ మీద వేసుకుని, మళ్ళీ గిటార్లలోకి వెళ్ళిపోతారు. ఈ కుర్రాళ్ళు అలా చెయ్యలేదు. బేస్‌ని ఆపేశారు. తర్వాత బేస్ వాయించే కుర్రాడు తిరిగొచ్చినప్పుడు కూడా తన దారిన తను వాయించడు. జముకు జారితే వెనకాలే తీగ మీద వేలు జార్చుకుంటూ అతనూ వస్తాడు, అర క్షణం ఆలస్యంగా. ఆ అర క్షణం ఉంది చూశారా, దాని కోసమే వెనక్కి జరిపి జరిపి విన్నాను. మా ఆవిడ వచ్చి "ఏటది, పాడైపోయిందా?" అని అడిగింది.

ఇంత చేసినవాళ్ళు గొంతుని ఏం చేశారండీ?

నాలుగో పాట పెట్టండి. మనవాళ్ళు పనుల కోసం హైదరాబాద్, చెన్నై వలస పోవడం గురించిన పాట. కొడుకు రైల్లో ఉంటాడు, అమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది. "రైలెక్కీసినానమ్మా, నువ్వింటికెల్లిపో" అని ఒక లైను. ఆ లైను నేను విని చెప్పడం లేదు, కాగితం మీద చదివి చెప్తున్నాను. ఎందుకంటే పాటలో అది వినపడదు! చెరువు అవతలి గట్టు నుంచి ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టుంది. రివర్బ్, అంటే ఖాళీ హాల్లో పాడినట్టు గొంతు మోగించే ఎఫెక్టు. రివర్బ్ మీద రివర్బ్, దాని మీద అదే గొంతు ఇంకో రెండు వరసలు. మన యాసలో రాసుకున్నారు, మనకే అర్థం కాకుండా కలిపారు. నాకు ఒళ్ళు మండింది.

ఈ ఆల్బమ్‌కి ముందు వీళ్ళు మొదట నాలుగు పాటలు ఫోన్‌లో రికార్డు చేసి వదిలారు, గుర్తుందా? అప్పుడు నేను "సౌండ్ బాలేదు" అన్నందుకు మీరు కామెంట్లలో నన్ను ఉతికేశారు. డ్రమ్స్ డబ్బా కొట్టినట్టే ఉండేవి, కాదనను. కానీ ఫోన్ నోటి దగ్గర పెట్టి పాడారు కాబట్టి ప్రతి మాటా చెవిలో పడేది. ఇప్పుడు మంచి మైకు వచ్చింది, మాట పోయింది.

ఎందుకిలా అయిందో నాకు కొంత తెలుసు, వాళ్ళ ప్రాక్టీసు గదికి వెళ్ళాను కాబట్టి. నెల్లిమర్ల వైపు ఒక గోడౌన్. నెల్లిమర్ల అంటేనే జూట్ మిల్లు, గోనెసంచులకి కొదవా? గోడల నిండా గోనెలు వేలాడదీశారు. తెలివైన పనే. కానీ అంత పల్చటి గోనె పైస్థాయి శబ్దాన్నే పీల్చుకుంటుంది, కింది శబ్దాన్ని ఏం చెయ్యలేదు. అంచేత గొంతులో మెరుపు పోయి పొడిబారిపోతుంది, కాలితో కొట్టే కిక్ డ్రమ్ మాత్రం మూలల్లో గుమ్మని తిరుగుతుంది. ఆ ఎండిపోయిన గొంతుకి ప్రాణం పొయ్యాలని మిక్సింగ్‌లో రివర్బ్ కుమ్మరించారు. ఇదీ నా అనుమానం.

ఇంకో అనుమానం కూడా ఉంది. మనందరం పెరిగిందే ఊరి సంబరాల మైక్‌సెట్ల మధ్య. మైక్‌సెట్ అతను ముందు "హలో హలో మైక్ టెస్టింగ్" అంటాడు, తర్వాత ఎకో నాబ్ చివరికంటా తిప్పేస్తాడు. ఎకో లేకపోతే డబ్బులిచ్చినవాళ్ళు ఒప్పుకోరు. నేను కాలేజీలో గిటార్ వాయించే రోజుల్లో ఎకో తగ్గించమని అడిగితే "అది మీకు తెలీదు బాబూ, జనానికి ఇదే కావాల" అనేవారు. ఆ రుచి మన చెవుల్లో ఉండిపోయిందేమో.

కానీ జముకు పట్టుకున్నవాళ్ళు జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ కూడా ఒకసారి శ్రద్ధగా వినాలి కదా! నేను చూసిన కథల్లో మాట వస్తుంటే వాయిద్యం తగ్గుతుంది, మాట అయ్యాక ఎగురుతుంది. 2020లో కాలం చేసిన వంగపండు ప్రసాదరావు గారు ఈ యాసని రాష్ట్రమంతా పాడించారంటే, ఏ మైకూ లేకపోయినా ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా మాట అందేలా పాడారు కాబట్టి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మూడో పాటలో తప్పెటగుళ్ళ దరువుని డ్రమ్స్ మీదకి తెచ్చారు. కష్టపడ్డారు గానీ, గుండెలకి కట్టుకున్న రేకు తప్పెటని రెండు చేతులా వాయిస్తూ గెంతుతుంటే వచ్చే ఊపు స్టూలు మీద కూర్చుని కొడితే రాలేదు. ఐదో పాటలో వీణ ఉందట. బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో పనస కర్రతో చేసింది. దానికి డిస్టార్షన్, అంటే శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్టు, పెట్టాక గిటార్‌కీ దానికీ తేడా ఏది? పాపం పనసచెట్టు. ఆరో పాట సిరిమానోత్సవం జనం గోలతో మొదలవుతుంది. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చున్న పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ వీధిలో నిలబడి రికార్డు చేశారు. ఎవరో పిల్లాడు "నానా, కనబడ్డం లేదు" అని ఏడుస్తాడు, దాని మీద గిటార్ అందుకుంటుంది. చాలా బాగుంది, పాట కన్నా ఆ మొదలే బాగుంది. ఏడు, ఎనిమిది నాకు గుర్తులేవు.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరండీ మన విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పారు, ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్నారు. సభ పెడితే ఇవన్నీ వరసగా చదువుతారు. అదే ఊళ్ళో డ్రమ్స్ పెట్టుకుంటాం అంటే అద్దెకి గది ఇచ్చేవాడు లేడు. ఒక కల్యాణ మండపం వాళ్ళు ఈ పిల్లల దగ్గర అడ్వాన్సు తీసుకుని, డ్రమ్ సెట్టు చూశాక గేటు దగ్గరే తిప్పి పంపేశారు. అందుకే గోడౌన్, అందుకే గోనెలు.

మరి కొనాలా వద్దా? లెక్క వేస్తే ఎనిమిది పాటల్లో గట్టిగా నిలబడేవి రెండున్నర. ఆ లెక్కన వద్దనాలి. నేను మాత్రం కొనమంటాను, ఆ రెండో పాట ఒక్కదాని కోసం. నాకు ఫ్రీగా వచ్చినా మా తమ్ముడి కోసం ఇంకోటి డబ్బులు పెట్టి కొన్నాను. ఇక కుర్రాళ్ళకి ఒక మాట. తమ్ముళ్ళూ, ఆ నాలుగో పాట రివర్బ్ తీసేసి, గొంతు ముందుకి తెచ్చి మళ్ళీ మిక్స్ చేసి వదలండి. నేను దానికి వేరే వీడియో చేస్తాను, టీషర్టు అక్కర్లేదు.

కార్లో వినేవాళ్ళు బేస్ రెండు పాయింట్లు తగ్గించుకోండి, ట్రెబుల్ కొంచెం పెంచండి. అప్పుడు కొన్ని మాటలైనా దొరుకుతాయి. పాటల కాగితం పేజీలో పెట్టమని వాళ్ళకి చెప్పాను, పెట్టగానే లింకు కింద ఇస్తాను.