రోమియో జూలియట్ బతికుంటే కాపురం నిలబడేదా?

[విజయనగరం కోట ముందు. యాంకర్ నడుస్తూ మాట్లాడతాడు.]

మా విజయనగరంలో ఏ డిగ్రీ కుర్రాడికైనా రోమియో జూలియట్ కథ చెప్పి చూడండి. జాలిపడే లోపే అడుగుతాడు: “బతికుంటే మాత్రం ఏటవుద్దండీ? ఆర్నెల్లకే పిల్ల పుట్టింటికి వచ్చీది!”

అనుమానంలో న్యాయం ఉంది. రోజులు లెక్కపెట్టండి.

[తెర మీద ఆదివారం నుంచి గురువారం వరకు, ఒక్కొక్కటిగా.]

ఇద్దరి ఇళ్లకీ పాత పగ. ఆదివారం రాత్రి విందులో చూసుకున్నారు. సోమవారం మధ్యాహ్నం దొంగచాటు పెళ్లి. పెళ్లయిన గంటకే రోమియో చేతిలో జూలియట్ చుట్టం టిబాల్ట్ చచ్చాడు. మంగళవారం తెల్లారుతుంటే రోమియో ఊరు విడిచి మాంటువా పోయాడు. గురువారం పొద్దుపొడిచేసరికి ఇద్దరూ లేరు. పిల్లకి ఇంకా పద్నాలుగు నిండలేదు. ఇప్పుడైతే అది పెళ్లి కాదు, కేసు.

పైగా ఆదివారం పొద్దున రోమియో కుమిలిపోతున్నది రోసలైన్ అనే ఇంకో అమ్మాయి కోసం. విందుకు వెళ్లిందీ ఆమెను చూడ్డానికే. కుర్రాళ్లు రోమియోని పట్టుకునేది ఇక్కడే. కానీ రోసలైన్ నాటకంలో ఒక్క మాటా మాట్లాడదు. రోమియో ఒంటిచేత్తో చప్పట్లు కొడుతున్నాడంతే. జూలియట్ అలా కాదు, మొదటి నిమిషంలోనే మాటకు మాట అందించింది. వాళ్ల తొలి పలకరింపులు కలిపి చదివితే సరిగ్గా 14 పాదాల సానెట్. ఒకే పద్యాన్ని ఇద్దరూ పంచుకుని చెప్పారు.

[మేడ మీద నుంచి కిందికి షాట్.]

జూలియట్‌ని తొందరపాటు పిల్ల అంటే నేను ఒప్పుకోను. రోమియో చంద్రుడి మీద ఒట్టేయబోతే, నెలనెలా మారిపోయేవాడి మీద ఒట్టేంటని ఆపింది. ఇదంతా మెరుపులా మరీ హఠాత్తుగా ఉందని అన్నదీ ఆమే. అదే రాత్రి, పెళ్లి ఉద్దేశమే ఉంటే ఎక్కడో ఎప్పుడో రేపు కబురు చెప్పు, మనిషిని పంపుతానంది. టైమ్ కూడా ఖాయం చేసుకుంది, తొమ్మిది గంటలని. ఇల్లు నడపగల మనిషి మాట తీరు అది.

ఇంకో సంగతి. ఈ కథ షేక్‌స్పియర్ సొంతంగా పుట్టించింది కాదు. 1562లో ఆర్థర్ బ్రూక్ అచ్చువేసిన పొడవాటి కావ్యంలోంచి తీసుకున్నాడు. అందులో క్రిస్మస్ రోజుల విందులో చూపులు కలిస్తే, టిబాల్ట్ చచ్చిన కొట్లాట జరిగేది ఈస్టర్‌కి. ఈ మధ్యలో పెళ్లి చేసుకుని, నెలా రెండు నెలలు చాటుగా కలుసుకుంటూనే ఉన్నారు. రోమియోకి మొహం మొత్తలేదు. ఆ నెలలన్నిటినీ నాటకం కోసం ఐదు రోజుల్లోకి కుక్కినవాడు షేక్‌స్పియర్. ఆ హడావిడిని పిల్లల ఖాతాలో రాయడం అన్యాయం కదా.

పెద్దవాళ్ల తొందర మాత్రం తక్కువా? జూలియట్ తండ్రి కాపులెట్ మొదట పెళ్లికొడుకు పారిస్‌ని రెండేళ్లు ఆగమన్నాడు. సోమవారం రాత్రికి మాట మార్చి, కూతుర్ని అడక్కుండానే గురువారం పెళ్లన్నాడు. మళ్లీ దాన్ని బుధవారానికే లాగాడు. ఆ పెళ్లి తప్పించుకోడానికి, చచ్చినట్టు కనబడేలా చేసే మత్తుమందు తాగాలనుకున్న జూలియట్, దాన్ని ఒక రోజు ముందే తాగాల్సి వచ్చింది. ఆమె నిజంగా చావలేదన్న అసలు సంగతి రాసిన ఉత్తరం రోమియోకి అందలేదు. పట్టుకెళ్లాల్సిన సన్యాసిని ప్లేగు అనుమానంతో ఓ ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. కరోనా చూసినవాళ్లం, మనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

[కోట గోడ దగ్గరగా.]

నా భయం వేరు, టిబాల్ట్ గురించి. అతను జూలియట్ తల్లికి తోడబుట్టినవాడి కొడుకు. మన వరసలో జూలియట్‌కి బావ. నెత్తురు చూసిన వైరం ఎలా ఉంటుందో ఈ ఊరికి తెలుసు. 1757లో బొబ్బిలి కోట కూలాక, తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు పెద విజయరామరాజుని డేరాలోకి దూరి పొడిచి చంపాడు. ఆ మర్నాడు ఈ రెండు ఊళ్ల మధ్య పెళ్లి మాటెత్తితే ఏ ఇంట్లో వింటారు?

టిబాల్ట్ చావు కబురు విని జూలియట్ మొగుణ్ణి నాలుగు తిట్లు తిట్టి, వెంటనే నాలుక కరుచుకుంది. ఆమె వరకు గొడవ లేదు. మాంటువాలో కాపురం పెట్టి ఉంటే మొదటి ఏడాది కష్టమే. కలిగినింటి కుర్రాడు, ఏ పనీ చేసిన దాఖలా లేదు. అయినా సర్దుకునేవారనే నా పందెం, అదీ జూలియట్ వల్ల. మనవడు పుడితే కాపులెట్ దిగివచ్చేవాడే. తల్లి సంగతే చెప్పలేం. మేనల్లుణ్ణి చంపినవాడికి మాంటువాకి మనిషిని పంపి విషం పెట్టిస్తానని మంగళవారం పొద్దునే కూతురితో అనేసింది, ఆ కూతురు వాడి పెళ్లామని తెలియక.