పెన్సిల్ కంటే ముందు పిచ్చుక గూడు

[తెర మీద: విశాఖ ఆర్కే బీచ్, సాయంత్రం. తడి ఇసుకలో ఓ చిన్న పాదం.]

“ఆడింది చాల్లే, ఇంటికెళ్లి ‘అ’ దిద్దుకోవాలి.”

సాయంత్రం ఐదున్నర దాటాక ఆర్కే బీచ్‌లో కాసేపు కూర్చోండి, ఈ మాట చెవిన పడకపోతే నన్నడగండి. ఆ పిల్లాడికి మూడున్నరేళ్లుంటాయి. పిచ్చుక గూడు కడుతున్నాడు. అంటే వాడు రాతపనిలోనే ఉన్నాడు. ఆ పని మధ్యలో లేపేసి, రాసుకోమని ఇంటికి లాక్కెళ్తున్నారు!

ఆటలు ఆరోగ్యానికి మంచివని మీకు తెలుసు, అది వదిలేద్దాం. ఈ వీడియో అంతా ఆ ఒక్క గూడు గురించే.

ముందు చెయ్యి చూడండి.

[తెర మీద: రెండు మణికట్ల ఎక్స్‌రే బొమ్మలు, పక్కపక్కన.]

పెద్దవాళ్ల మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లలకి ఎక్స్‌రే తీస్తే సాధారణంగా మూడో నాలుగో కనిపిస్తాయి. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఎక్స్‌రేకి ఆనవు. బఠాణీ గింజంత ఉండే ఆఖరిది గట్టిపడేసరికి ఎనిమిదేళ్లు దాటుతాయి. పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి పాడైపోతుందని కాదు నేననేది. సన్నపని చేసే చెయ్యి ఇంకా తయారవుతోందంటున్నాను. పైగా ఆ తయారీ వేళ్ల దగ్గర మొదలవదు. ముందు నడుము, భుజం నిలబడాలి. తర్వాత మోచెయ్యి, మణికట్టు. వేళ్ల వంతు చివర్లో వస్తుంది. భుజం ఊగిపోతుంటే వేళ్లు పెన్సిల్‌ని గట్టిగా నొక్కి ఆ లోటు తీర్చుకుంటాయి. “మా గుంటడు రెండు లైన్లు రాసి చెయ్యి నొప్పంటాడు, బద్ధకం” అంటారు. బద్ధకం కాదండీ.

ఇప్పుడు గూటికి వద్దాం. మెల్లగా చూద్దాం.

పిల్లాడు గొంతుక్కూర్చున్నాడు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ మడిచి, పడిపోకుండా నిలిచి, రెండు చేతులూ ముందుకి చాపుతున్నాడు. నడుము కండరాలకి ఇంతకంటే మంచి పని కుర్చీలో దొరకదు. ఇసుక తవ్వి దోసిట్లో పట్టాడు. ఆ దోసిలి వంపు చూడండి, అరచేతిలో గుంట పడాలి. రేపు పెన్సిల్ పట్టేటప్పుడు కావాల్సింది ఆ గుంటే. తర్వాత పాదం మీద ఇసుక పోసి తట్టడం. గట్టిగా తడితే పగుళ్లు, మెల్లగా తడితే ఇసుక అతకదు. ఎంత బలం పెట్టాలో చేతికి చేతే చెప్పుకోవాలి. కాగితం చిరిగేలా నొక్కి రాసే పిల్లలకి లేనిది ఈ లెక్కే.

ఇక అసలు ఘట్టం, పాదం బయటికి తీయడం. ఒక్కసారి లాగాలని ఉంటుంది, కానీ లాగకూడదు. వేళ్లు ముడిచి, మడమ ఆనించి, ఊపిరి బిగబట్టి... మూడేళ్లవాడు తన ఆత్రాన్ని తనే ఆపుకుంటున్నాడు. ‘కదలకుండా కూర్చో’ అని వందసార్లు అరిచినా రాని నిగ్రహం అది. గూడు కూలిందా? ఏడుస్తాడు, మళ్లీ కడతాడు. పక్కన ఇంకో పిల్ల ఉంటే ‘నా గూట్లోంచి నీ గూట్లోకి దారి పెడదామా’ అని మాటలు మొదలవుతాయి. ఆ బేరం తెగేదాకా మీరు వేలు పెట్టకండి.

గూడు ఎందుకు నిలుస్తుందో కూడా వాడే కనిపెడతాడు. పొడి ఇసుక జారిపోతుంది. కొంచెం తడిపితే రేణువుల మధ్య నీళ్లు పల్చటి వంతెనల్లా నిలిచి పట్టుకుంటాయి. ఎక్కువ పోస్తే ఆ సందులన్నీ నిండిపోయి పట్టు పోతుంది, అంతా బురద. ఎనిమిది గ్లాసుల పొడి ఇసుకకి గ్లాసు నీళ్లతో మొదలుపెట్టండి. కొలత మీరు చెప్పొద్దు, రెండు గూళ్లు కూలనివ్వండి.

‘అ’ సంగతి. గుండ్రం గీయడం మూడేళ్లకి వస్తుంది, కూడిక గుర్తు నాలుగేళ్లకి. చదరం నాలుగున్నర, ఐదు మధ్య. త్రిభుజానికి ఐదేళ్లు నిండాలి. ఇవి అటూఇటూ అవుతాయి, కంగారు వద్దు. ‘అ’లో ఎన్ని మలుపులున్నాయో గాల్లో ఒకసారి గీసి చూడండి, మూడున్నరేళ్ల చేతిని అడుగుతున్నదేంటో తెలుస్తుంది. వీధిబడుల్లో ముందు ఇసుకలో వేలితోనే దిద్దించేవారు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి ఆటతోనే నేర్పమంది. నర్సరీ పిల్లలకి నాలుగు పేజీల హోంవర్క్ ఇచ్చేవాళ్లు అది చదివారో లేదో.

ఇక చోటు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఏటవాలుగా దిగుతుంది, అల వెనక్కి లాగేస్తుంది. గూడు కట్టడానికి అల దగ్గరికి వెళ్లాల్సిన పనే లేదు. అల అందని చోట జానెడు లోతు తవ్వితే చెమ్మ ఇసుక వస్తుంది. పిల్లాడికీ నీళ్లకీ మధ్య మీరుండాలి, సముద్రానికి వీపు పెట్టకుండా పక్కకి తిరిగి కూర్చోవాలి. ఫోన్ జేబులో. కుక్కలు తిరిగే చోట వట్టికాళ్లతో వద్దు, ఆ ఇసుకలోంచి కొంకి పురుగుల పిల్లలు చర్మంలోకి దూరతాయి. పడవలు లాగే చోట గాలాలు, గాజుపెంకులు చూసుకోండి. డబ్బా అర లీటరుది చాలు, తడి ఇసుక నింపితే దాదాపు కిలో అవుతుంది. మోసేది వాడే, మీరు కాదు.

గాజువాకలోనో మధురవాడలోనో ఫ్లాట్‌లో ఉంటే బాల్కనీలో వెడల్పాటి టబ్బు పెట్టి పదిహేను, ఇరవై కిలోల నది ఇసుక పోయండి. మొదట జల్లెడ పట్టాలి. రాతి ఇసుక తేవద్దు, దుమ్ము రేగుతుంది, గరుకుగా గీరుకుంటుంది. ఆట అయ్యాక మూత పెట్టకపోతే వీధి పిల్లులు దాన్ని ఇంకోలా వాడుకుంటాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

జారుడుబల్ల మీద పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారొద్దు. వాళ్ల బూటు అంచుకి తగులుకుంటే మీ బరువంతా ఆ కాలి మీద పడుతుంది, ముంగాలి ఎముక విరుగుతుంది. ఒంటరిగా జారితే ఆ ప్రమాదం బాగా తక్కువ. ఎక్కలేని చోటికి ఎత్తి ఎక్కించొద్దు, తనంతట ఎక్కినచోటి నుంచి దిగడం చాలావరకు వాళ్లకే వస్తుంది. ఎక్కుతున్నప్పుడు ‘పడతావ్ పడతావ్’ అనకండి, ‘ఎడం కాలు ఎక్కడ పెడుతున్నావు?’ అనండి. మే నెలలో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. స్టీలు జారుడుబల్లని ముందు మీ అరచేత్తో ముట్టుకుని చూడండి.

ఎంతసేపు అంటారా? 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు, నాలుగేళ్ల వాళ్లకి రోజు మొత్తం మీద 180 నిమిషాల కదలిక ఉండాలంది, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా. గూడు కట్టడం ఈ అరవైలోకి రాదు. డబ్బా పట్టుకుని అటూఇటూ పరిగెత్తడం వస్తుంది.

చివరిది, ఇంటికి బయల్దేరడం. ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటే మూడేళ్లవాడికి అర్థం కాదు. ‘ఇంకో రెండు గూళ్లు, తర్వాత చేతులూ కాళ్లూ కడుక్కుందాం’ అనండి. రెండోది కట్టాక దాన్ని కూల్చేది కూడా వాడే. మీ కాలు తగలనివ్వకండి.