పర్స్ స్ప్లిట్: 80-20 అంటే దేనిలో 80?

నమస్తే అండీ. ఈ రోజు బోర్డు మీద ఒక్క అంకెతో మొదలుపెడదాం. 4,10,25,000 డాలర్లు. రాసుకోండి, దీనితో చాలా పని ఉంది.

2022 జనవరిలో ఛాంపియన్ టైసన్ ఫ్యూరీ, ఛాలెంజర్ డిలియన్ వైట్ మధ్య డబ్ల్యూబీసీ (ప్రపంచ టైటిల్ బెల్ట్ ఇచ్చే సంస్థల్లో ఒకటి) హెవీవెయిట్ టైటిల్ ఫైట్ కోసం ప్రమోటర్ (ఫైట్ నిర్వహించేవాడు) ఫ్రాంక్ వారెన్ కంపెనీ క్వీన్స్‌బరీ వేసిన బిడ్ ఇది. పర్స్ అంటే ఆ ఫైట్ కోసం బాక్సర్లకు దక్కే డబ్బు. అందులో ఎవరి వాటా ఎంత అన్నదే స్ప్లిట్. టైటిల్ ఫైట్ల దగ్గర బేరాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు పద్ధతి చెప్తాను. ఛాంపియన్ ఫలానా ఛాలెంజర్‌తో తలపడి తీరాలని బెల్ట్ ఇచ్చే సంస్థ ఆదేశిస్తుంది. దాన్నే మాండేటరీ అంటారు. మీలో మీరు మాట్లాడుకోండని రెండు వైపులకీ కొంత గడువు ఇస్తుంది. కుదిరితే సరే, కుదరకపోతే పర్స్ బిడ్. మన దగ్గర సీల్డ్ కవర్ టెండర్ ఎలాగో ఇదీ అలాగే. ఎక్కువ పాడిన ప్రమోటర్‌కి ఫైట్ దక్కుతుంది. అప్పుడు స్ప్లిట్ ఎంతో బాక్సర్లు కాదు, సంస్థే తేలుస్తుంది.

ఫ్యూరీ, వైట్ విషయంలో అదే జరిగింది. అప్పటికి వైట్ దగ్గర డబ్ల్యూబీసీ ఇంటరిమ్ (తాత్కాలిక ఛాంపియన్) బెల్ట్ ఉంది కాబట్టి 45 శాతం కావాలని వాళ్ల వైపు వాదన. కాదు, 20 చాలని ఫ్యూరీ వైపు. డబ్ల్యూబీసీ 80-20 అని తేల్చింది. రెండో బిడ్ ఇంకో ప్రమోటర్ కంపెనీ మ్యాచ్‌రూమ్‌ది, 3,22,22,222 డాలర్లు. క్వీన్స్‌బరీ దానికంటే సుమారు 88 లక్షలు ఎక్కువ పెట్టి గెలిచింది.

ఇప్పుడు బోర్డు చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. 4,10,25,000లో 80 శాతం ఫ్యూరీది అనుకుంటారు. కాదు. ముందు అందులోంచి 10 శాతం, అంటే 41,02,500 డాలర్లు, గెలిచినవాడి బోనస్‌గా పక్కన పెట్టారు. మిగిలింది 3,69,22,500. 80-20 పంచింది దీన్ని. ఫ్యూరీకి 2,95,38,000, వైట్‌కి 73,84,500. ఏప్రిల్ 23న వెంబ్లీలో ఆరో రౌండ్లో ఫ్యూరీ గెలిచాడు, బోనస్ కూడా అతనికే వెళ్లింది.

మన ఊళ్లలో పొలం పాలుకిచ్చేటప్పుడు పెద్దవాళ్లు ఏం అడుగుతారు? సగమా, మూడో వంతా అన్నది తర్వాత. ముందు అడిగేది, ఖర్చులు తీసేశాక పంచుకుందామా, కల్లంలో ఉన్నదంతా రాశి పోసి పంచుకుందామా అని. బాక్సింగ్ కాంట్రాక్ట్‌లోనూ మొదట అడగాల్సింది అదే. 70-30 అంటే దేనిలో 70? గేటు వసూలులోనా? పే పర్ వ్యూ (టీవీలో చూసేందుకు జనం విడిగా కట్టే డబ్బు) కూడా కలిపా? ప్రమోటర్ తన ఖర్చులు తీసుకున్నాకా, ముందా? ఈ ఒక్క మాట రాతలో లేకపోతే 70కి విలువే లేదు.

అదే వైట్ అడిగిన 45 శాతం వచ్చి ఉంటే? అదే 3,69,22,500 మీద 1,66,15,125. అంటే ఒక్క తీర్పుతో 92 లక్షల డాలర్ల పైచిలుకు తేడా. నా దృష్టిలో వైట్‌కి 20 మరీ తక్కువ. అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. బిడ్ అంత పెద్దది కావడం వల్ల ఆ 20 శాతమే 73 లక్షలు దాటింది. చిన్న బిడ్‌లో పెద్ద వాటా కన్నా పెద్ద బిడ్‌లో చిన్న వాటా ఒక్కోసారి నయం. మొత్తం ఎంతన్నది తెలియకుండా శాతం మీద పట్టుబట్టకండి.

ఇక ఎవరికి ఎక్కువ రావాలి? బెల్ట్ ఉన్నవాడికా, జనాన్ని రప్పించేవాడికా? 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జో ఫ్రేజియర్ ఛాంపియన్, ముహమ్మద్ అలీ ఛాలెంజర్. కానీ అలీ కూడా అప్పటిదాకా ఓడలేదు, జనం రావడానికి అతని పేరొక్కటే చాలు. ఇద్దరికీ చెరో 25 లక్షల డాలర్లు ఖాయంగా ఇచ్చారు, సమానంగా. 1990లో వేరే కథ. బస్టర్ డగ్లస్ అప్పుడే మైక్ టైసన్‌ని ఓడించిన ఛాంపియన్. ఇవాండర్ హోలీఫీల్డ్‌తో ఫైట్ కోసం లాస్ వెగాస్‌లోని మిరాజ్ క్యాసినో హోటల్ 3.21 కోట్ల డాలర్లు పాడింది. డగ్లస్‌కి సుమారు 2.4 కోట్లు, హోలీఫీల్డ్‌కి 80 లక్షలు. మూడో రౌండ్లోనే డగ్లస్ పడిపోయాడు. అయినా డబ్బు మూడింతలు అతనికే. స్ప్లిట్ గంట మోగకముందే రాసిన కాగితం మరి.

ఇప్పుడు నాకు చాలా బాధ కలిగించిన బేరం. 2023 మార్చి. ఒలెక్సాండర్ ఉసిక్ చేతిలో డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అనే మూడు సంస్థల బెల్టులు. ఫ్యూరీ దగ్గర ఒకటి, డబ్ల్యూబీసీది. నాలుగూ ఒకరి దగ్గరికి చేరే ఫైట్, ఏప్రిల్ 29న వెంబ్లీలో అనుకున్నారు. ఫ్యూరీ వీడియో పెట్టాడు: నాకు 70, నీకు 30, ఆలస్యం చేసిన ప్రతి రోజుకీ నీ వాటాలో 1 శాతం కోత. మూడు బెల్టులవాడికి 30! ఉసిక్ ఆవేశపడలేదు. సరే, ఒప్పుకుంటున్నా, కానీ నువ్వు యుక్రెయిన్‌కి 10 లక్షల పౌండ్లు విరాళం ఇవ్వాలి అన్నాడు. యుద్ధంలో ఉన్న తన దేశం కోసం. మాట మొత్తం తన వైపు తిరిగింది. బేరంలో అంత హుందాగా తగ్గినవాళ్లను నేను ఎక్కువ మందిని చూడలేదు.

అంత పెద్ద అంకె మీదే ఒప్పుకున్నా ఫైట్ ఆగిపోయింది. రీమ్యాచ్ షరతుల దగ్గర మాటలు తెగిపోయాయి. మొదటి ఫైట్ వాటా అందరూ మాట్లాడుకుంటారు. ఓడితే మళ్లీ ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి అన్న నాలుగు వాక్యాలు కాంట్రాక్ట్ లోపలి పేజీల్లో ఉంటాయి. అక్కడే లాయర్లు రాత్రిళ్లు కూర్చుంటారు. చివరికి వాళ్లిద్దరూ రియాద్‌లో 2024 మే 18న తలపడ్డారు, ఉసిక్ గెలిచాడు. అదే ఏడాది డిసెంబర్ 21న రీమ్యాచ్‌లోనూ గెలిచాడు.

బాక్సర్ వాటాలో చేతికి మిగిలేది కూడా చెప్పాలి. బెల్ట్ సంస్థ ఫీజు సాధారణంగా 3 శాతం. ట్రైనర్‌కి వాడుకగా 10. మేనేజర్ వాటా, సాధనలో తలపడే స్పారింగ్ భాగస్వాముల జీతాలు, క్యాంప్ అద్దె, ఆపైన పన్ను. అమెరికాలో 2000లో వచ్చిన ముహమ్మద్ అలీ చట్టం వల్ల ఆ ఫైట్ మీద తనకెంత వస్తోందో ప్రమోటర్ బాక్సర్‌కి చెప్పి తీరాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. మొహమాటపడితే నష్టం మీదే.

మన నిఖత్ జరీన్ ఆడే అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఈ వాటాల బేరం ఉండదు. ఇదంతా ప్రొఫెషనల్ బాక్సింగ్ సంగతి.

ఇప్పుడు మీకో లెక్క. 2013లో వ్లాదిమిర్ క్లిచ్కో, అలెగ్జాండర్ పొవెత్కిన్ ఫైట్‌కి రష్యన్ ప్రమోటర్ 2,32,33,330 డాలర్లు పాడాడు. రెండో బిడ్ అందులో మూడో వంతు కూడా లేదు. స్ప్లిట్ 75-25, క్లిచ్కోకి 75. కానీ బిడ్ గెలిచినవాళ్లదే వేదిక, అందుకే ఛాంపియన్ ప్రత్యర్థి దేశం రష్యాలోని మాస్కో వెళ్లి ఆడాల్సి వచ్చింది. ఇద్దరికీ ఎంతెంతో కామెంట్‌లో రాయండి. దానితోపాటు, సొంతగడ్డ మీద ఆడటం కోసం 75లో ఎంత వదులుకునేవాళ్లో కూడా రాయండి.