పని చేసే మనుషుల నవలలు మూడు: మట్టి మనిషి, అతడు అడవిని జయించాడు, కొండపొలం

నమస్కారమండీ, అందరూ బావున్నారా?

ఈ నెలన్నరలో మూడు నవలలు చదివాను. లిస్టు రాసుకుని చదివినవి కావు. ఒకటి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికింది. ఒకటి ఫ్రెండ్ బలవంతంగా చేతిలో పెట్టి వెళ్లాడు. మూడోది సినిమా చూసినప్పటి నుంచి చదవాలి చదవాలి అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చింది. మూడూ అయిపోయాక పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక సంగతి తట్టింది. ఈ మూడింట్లోనూ మనుషులు పని చేస్తుంటారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి చేతులు ఖాళీగా ఉండవు. దుక్కి దున్నుతుంటారు, పందుల్ని కాస్తుంటారు, గొర్రెల వెంట నడుస్తుంటారు. కథ ఆ పనిలోంచే పుడుతుంది.

నేను చిన్నప్పుడు అమ్మ దగ్గరున్న పాత వీక్లీల్లో సీరియల్స్ తెగ చదివేదాన్ని. ఇప్పటికీ అవంటే ఇష్టమే, కాదనను. కానీ వాటిలో హీరోకి కారుంటుంది, మేడ ఉంటుంది, సాయంత్రం అయ్యేసరికి హీరోయిన్ గురించి ఆలోచించడానికి కావలసినంత తీరిక ఉంటుంది. పొద్దుటి నుంచి ఆ మనిషి ఏం చేశాడో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఆ వెలితి నాకు ఈ మూడు పుస్తకాలు చదివాకే తెలిసింది. అందుకే ఈ వీడియో. ముగింపులు చెప్పను, భయపడకండి.

మొదటిది వాసిరెడ్డి సీతాదేవి గారి 'మట్టి మనిషి'. ఆబిడ్స్‌లో దొరికింది ఇదే. అట్ట చిరిగిపోయి ఉంది, వెన్ను మీద ఎవరో గోధుమరంగు కాగితం అతికించారు. సీతాదేవి గారిది గుంటూరు జిల్లా చేబ్రోలు. 1933లో పుట్టారు, 2007లో పోయారు. ఈ నవల నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా 14 భాషల్లోకి వెళ్లింది. ఆవిడదే 'మరీచిక' అని ఇంకో నవల ఉంది, దాన్ని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది, తర్వాత ఆ నిషేధం పోయింది. దాని గురించి ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం.

కథ మూడు తరాలది. సాంబయ్య అనే రైతు. వాళ్ల నాన్న వెంకయ్య ఒక పెద్దింట్లో పాలేరుతనం చేసినవాడు. సాంబయ్య ఒళ్లు హూనం చేసుకుని, కడుపు కట్టుకుని, పైసా పైసా కూడబెట్టి ఎకరం మీద ఎకరం కొంటాడు. అవతల ఆ పెద్దింటి బలరామయ్య దర్జాకి పోయి అప్పుల్లో కూరుకుపోతుంటాడు. చివరికి ఆ బలరామయ్య కూతురు వరూధినినే సాంబయ్య తన కొడుకు వెంకటపతికి చేసుకుంటాడు. తండ్రి ఏ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడో ఆ గుమ్మంతోనే వియ్యం. సాంబయ్య జీవితంలో అంతకంటే పెద్ద గెలుపు లేదు. అసలు కథ ఆ గెలుపు దగ్గరే మొదలవుతుంది.

సాంబయ్యని మీరు ప్రేమించలేరు. అంత పీనాసి, అంత మొండి. పొలం తప్ప ఇంకోటి కనపడదు. కొడుకు ఏమనుకుంటున్నాడో, ఏం కోరుకుంటున్నాడో ఒక్కనాడు అడగడు. అయినా ఆయన్ని వదిలిపెట్టలేం. ఎందుకంటే ఆ మనిషికి భూమి మీదున్నది కేవలం ఆశ కాదు. గట్టు మీద నిలబడి తన చేను చూసుకున్నప్పుడే ఆయనకి తను బతికున్నట్టు ఉంటుంది. పాలేరు కొడుకునన్న మాట ఒంట్లోంచి పోవాలంటే ఎన్నెకరాలు కావాలి? ఆ లెక్క ఆయనకి ఎప్పటికీ తేలదు.

నా కాపీలో ఒక వింత ఉందండీ. ఇదిగో, చివరి ఖాళీ పేజీ. కెమెరాలో కనపడుతోందా? పెన్సిల్‌తో ఎవరో కూడికలు వేశారు. మొదట నాకు అర్థం కాలేదు, చిట్టీ లెక్కలేమో అనుకున్నాను. తర్వాత చూస్తే నవల లోపల కూడా అక్కడక్కడా పొలం మాట వచ్చినచోట అదే పెన్సిల్ గీత ఉంది. నాకు ముందు ఈ పుస్తకం చదివినవాళ్లెవరో సాంబయ్య ఆస్తి ఎంతైందో లెక్క కట్టుకుంటూ చదివారు! వాళ్లెవరో, ఏ ఊరో. కానీ తప్పకుండా పొలమున్న ఇంట్లో పుట్టినవాళ్లే అయ్యుంటారు.

ఇంత నమ్మకంగా ఎలా చెబుతున్నానంటే, మా నాన్నకి ఫోన్‌లో ఒక అధ్యాయం చదివి వినిపించాను. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, చదవలేరు. మాకు తెనాలి దగ్గర కొంచెం మాగాణి ఉండేది. నేను ఆరో తరగతిలో ఉండగా ఎడ్లని అమ్మేశారు. కొన్నవాళ్లు పలుపు పట్టుకుని తోలుకుపోతుంటే నాన్న పశువుల పాకలోంచి బయటికి రాలేదు. సరే, నేను చదువుతుంటే అటు నుంచి ఊ కూడా వినపడలేదు. నిద్రపోయారేమో అనుకుని ఆపాను. అప్పుడు నెమ్మదిగా, "అమ్మాయ్, ఆ సాంబయ్యకి మొత్తం ఎన్నెకరాలయింది?" అన్నారు. నేను ఆ పెన్సిల్ కూడికలున్న పేజీ తీసి చెప్పాను. కాసేపాగి, "అంతా మాగాణేనా? మెట్ట ఏమన్నా ఉందా?" అని అడిగారు.

ఆ తర్వాత ఆయనే మొదలుపెట్టారు. నాగలి పిడి ఉంటుంది కదా, మేడి, దాని మీద చెయ్యి ఎక్కువ నొక్కితే కర్రు లోతుకి దిగి ఎడ్లు ఆయాసపడతాయట, వదిలేస్తే నాగలి పైపైనే తేలిపోతుందట. ఎంత నొక్కాలో ఎవరూ నోటితో చెప్పలేరు, పక్కన నడిచి చూసి నేర్చుకోవాల్సిందే అన్నారు. నా ముప్పై ఏడేళ్ల జీవితంలో మా నాన్న తను చేసిన పని గురించి నాకు చెప్పడం అదే మొదటిసారి. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఇక నాకు నచ్చనిది. వరూధిని విషయంలో సీతాదేవి గారు కఠినంగా ఉన్నారు. ఆ అమ్మాయికి పల్లె నచ్చలేదు, పట్నం కావాలి, సినిమా కావాలి. దాంట్లో తప్పేముంది? పెద్దల పంతాల కోసం జరిగిన పెళ్లి అది. వెంకటపతికీ ఆమెకీ మధ్య ఏమీ లేదు. కానీ రామనాథబాబు అనే మనిషి వాళ్ల జీవితంలోకి వచ్చినప్పటి నుంచి కథ ఆమెని వరసగా శిక్షిస్తూ పోతుంది. సాంబయ్య మూర్ఖత్వాన్ని ఎంత ఓపిగ్గా లోపలికెళ్లి చూశారో, వరూధిని కోరికల్ని అంత ఓపిగ్గా చూడలేదు. పట్నం భాగం చదువుతుంటే కాస్త సినిమా ఫక్కీలో పరిగెత్తినట్టు అనిపిస్తుంది. పొలంలో ఉన్నప్పుడు ఆ కలానికున్న నిదానం పట్నంలో లేదు. నాకైతే వరూధిని వైపు నుంచి ఈ కథని ఎవరైనా మళ్లీ రాస్తే బావుండునని ఉంది.

అయినా మనవడు రవి వచ్చిన దగ్గర్నుంచి నవల మళ్లీ నేల మీదకి దిగుతుంది. అక్కడ ఆగుతాను. మీరు చదవండి.

రెండోది డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. సన్నటి పుస్తకం. రాత్రి భోజనమయ్యాక పట్టుకుంటే పడుకునే లోపు అయిపోతుంది, కానీ తర్వాత నిద్ర రాదు. కేశవరెడ్డి గారిది చిత్తూరు జిల్లా తలుపులపల్లె. వృత్తిరీత్యా డాక్టరు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారు. ఉండడం అక్కడ, రాయడమేమో చిత్తూరు జిల్లా మనుషుల గురించి. 2015లో పోయారు.

కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పందుల్ని కాసుకుని బతికే ఒక ముసలాయన. పేరు కూడా లేదు. ఒంట్లో బాగాలేదు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి మందతో పాటు ఇంటికి రాలేదు, అడవిలోనే ఉండిపోయింది. చీకటి పడుతుంటే ఆయన బల్లెం పట్టుకుని అడవిలోకి వెళతాడు. అంతే. పుస్తకమంతా ఆ ఒక్క రాత్రి.

దీన్ని హెమింగ్వే రాసిన సముద్రం మీది ముసలాయన కథతో పోలుస్తుంటారు. ఒంటరి ముసలాయన, ప్రకృతి, పోరాటం, అవును, పోలికలున్నాయి. కానీ నాకు ఆ పోలిక సగమే నిజం అనిపిస్తుంది. అక్కడ ముసలాయన చేపని పట్టడానికి వెళ్లాడు. ఇక్కడ ముసలాయన తను పెంచిన జీవాన్ని కాపాడటానికి వెళ్లాడు. ఆ తల్లిపందికేమో అది తెలియదు. అప్పుడే పిల్లల్ని కన్న తల్లికి దగ్గరికొచ్చే ప్రతివాడూ శత్రువే. ఒకపక్క నక్కలు కాచుకుని ఉన్నాయి. వాటి నుంచి కాపాడాలంటే ఆయన దగ్గరికి వెళ్లాలి, వెళితే పందే ఆయన మీదకి వస్తుంది. ఈ చిక్కుముడి హెమింగ్వేలో లేదు.

ఇది నాకు ఎందుకంత తగిలిందంటే, మా అమ్మమ్మ వాళ్లింట్లో ఒక గేదె ఉండేది. పసిపిల్లలు తోక పట్టుకు లాగినా కదిలేది కాదు, అంత సాధువు. అది ఈనిన రోజు అమ్మమ్మని కూడా దగ్గరికి రానివ్వలేదు. తల వంచి, ముక్కుతో బుస్సుమంటూ కొమ్ము విసిరింది. అమ్మమ్మ కుడితి బకెట్టు పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి, దాని పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయింది. ఎంతసేపో! మేం వెనక అరుగు మీద నుంచి చూస్తున్నాం. చివరికి అది దూడని నాకడం మొదలుపెట్టాక, అమ్మమ్మ బకెట్టు అక్కడే నేల మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. "దాని బాధ దానిదే" అంది. ఈ నవల చదువుతుంటే ఆ పెరడంతా కళ్ల ముందుకొచ్చింది.

ఆ ముసలాయన రాత్రంతా తనలో తను మాట్లాడుకుంటాడు, లెక్కలు వేసుకుంటాడు. అయ్యో పాపం అని మనం ఆయన్ని చూడలేం, ఎందుకంటే అడవి గురించీ పందుల గురించీ ఆయనకి తెలిసినదాంట్లో వందో వంతు మనకి తెలియదు. పందులు కాసే మనిషిని ఒక పెద్ద పనివాడిగా, తన విద్య తెలిసినవాడిగా నిలబెట్టారు కేశవరెడ్డి గారు. ఆ గౌరవం నాకు చాలా విలువైనదిగా అనిపించింది. పేరు గురించి ఒక్క మాట. 'జయించాడు' అన్నారు కదా, చదవడం అయ్యాక ఆ మాట దగ్గర కాసేపు కూర్చోండి. ఏం జయించాడో మీకేమనిపించిందో నాకు చెప్పండి.

మూడోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. తానా, అంటే ఉత్తర అమెరికా తెలుగువాళ్ల సంఘం పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది. 2021లో క్రిష్ గారు సినిమాగా తీశారు, మీలో చాలామంది చూసే ఉంటారు. రచయితది కడప జిల్లా.

కొండపొలం అంటే కొండ మీదుండే పొలం కాదు. కరువొచ్చి ఊళ్లో మేత, నీళ్లు అయిపోతే కాపర్లు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. వానలు పడేదాకా వారాల తరబడి అక్కడే తిండి, అక్కడే పడక. ఆ పోవడానికి పేరు కొండపొలం. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క, నలుగురిలో నోరు విప్పాలంటే వణికిపోయే ఒక కుర్రాడు తండ్రితో పాటు అలా అడవికి వెళతాడు. పులి ఉంది, దొంగలున్నారు, దాహం ఉంది.

మా ఆఫీసులో ఒక కడప అబ్బాయి ఉన్నాడు. అతని ముందు నేను "గొర్రెలు" అంటే, "మావాళ్లు జీవాలంటారు మేడమ్" అని సరిదిద్దాడు. జీవాలు! ఆ మాట పట్టుకుని నవల చదివితే వేరేగా ఉంటుంది. తండ్రి ఒక్కో జీవాన్నీ మొహం చూసి గుర్తుపట్టడం, చదువుకున్న కొడుక్కి అన్నీ ఒకేలా కనపడటం. కొడుకు నేర్చుకోవలసింది ముందు అదే.

సినిమా కంటే నవలే నాకు ఎక్కువ నచ్చింది. అడవి సినిమాలో అందంగా ఉంది, నవల్లోనేమో అలసటగా ఉంది. నడిచి నడిచి కాళ్లు పీకడం, నీళ్ల కోసం వెతకడం, రాత్రి మంద చుట్టూ చెవులు రిక్కించి కూర్చోవడం, ఇవన్నీ పుస్తకంలోనే తెలుస్తాయి. లోపం ఏంటంటే అక్కడక్కడా పెద్దవాళ్లు కుర్రాడికి అడవి గురించి పాఠం చెప్పినట్టు చెబుతారు. చూపిస్తే సరిపోయే చోట చెప్పేశారు. కుర్రాడిలో మార్పు కూడా చివర్లో కొంచెం తొందరగా వచ్చేసినట్టుంది. అయినా ఉద్యోగాల వేటలో నలిగిపోతున్న తమ్ముళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే ఈ పుస్తకం వాళ్ల చేతికివ్వండి. ఇంటర్వ్యూలకి పనికొస్తుందని కాదు. వాళ్ల నాన్నకి ఎంత తెలుసో వాళ్లకి తెలుస్తుందని.

మూడింట్లో ఒక్కటే చదవగలిగితే ఏది అని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: కేశవరెడ్డి గారిది. మళ్లీ మళ్లీ తెరవాలనిపించేది మాత్రం నాకు మట్టి మనిషే.

మీ దగ్గర్నుంచి నాకో సాయం కావాలి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి గురించి, సింగరేణి బావిలోకి దిగిన మనిషి గురించి, బీడీలు చుట్టే అమ్మ గురించి, ఆ పని చేసినవాళ్లో దగ్గరుండి చూసినవాళ్లో రాసిన నవలలు మీకు తెలిసినవి ఉంటే పేర్లు కింద రాయండి. కొత్తవైనా పాతవైనా సరే. దొరకనివైతే ఎక్కడ దొరుకుతాయో కూడా రాయండి, ఆదివారం ఆబిడ్స్‌కి ఎలాగూ వెళతాను.

నాన్నకి మట్టి మనిషి ఇంకా నలభై పేజీలు చదవాలి. తొమ్మిదింటికల్లా ఫోన్ చేయకపోతే ఆయనే చేస్తున్నారీ మధ్య. ఉంటానండీ.